సమ్మతి లేని ముఖాలు

రేవుపట్నం నగర చరిత్ర ప్రదర్శనశాలలో నేను రికార్డు గుమాస్తాను. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నా మీద ఒక్క మెమో లేదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. ఈ వ్యవహారంలో నేను చేసిందేదో నియమాలంటే గిట్టక చేశానని ఎవరూ అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

ఒక సోమవారం ఉదయం భావనారాయణ గారు నాలుగు ట్రంకు పెట్టెలు ఆటోలో వేసుకుని మా ఆఫీసుకు వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. ఈ ఊళ్ళో మొదటి ఫొటో స్టూడియో పెట్టింది ఆయన తాతగారు. ప్లీడర్లకూ షావుకార్లకూ కుర్చీలో కూర్చోబెట్టి బొమ్మలు తీయడం తాతగారి వృత్తి. తీరిక దొరికితే మూడు కాళ్ళ స్టాండు భుజాన వేసుకుని ఊరి మీద పడటం ఆయన పిచ్చి. దీపస్తంభం, గడియారస్తంభం, కలెక్టరు కచేరీ, జట్కాల అడ్డా, ఇసకలో వల లాగుతున్నవాళ్ళు, అరుగు మీద గడ్డం గీస్తున్న మంగలి, చేపల బజారు, ఇలా నలభై ఏళ్ళు తీశారు. కొన్నిటిని పోస్టుకార్డులుగా అచ్చు వేయించారు కూడా. గాజు పలకల నెగటివులన్నీ ఒక తుఫానులో పగిలిపోగా, మిగిలినవి ఆ పెట్టెల్లో ఉన్న రెండువందల పద్దెనిమిది బొమ్మలు.

"నా తరవాత వీటికి చెదలే దిక్కండీ. మీ దగ్గర గోడకుంటే బతుకుతాయి" అన్నారాయన.

మా డైరెక్టరు డాక్టర్ చక్రధర్ గారు సంతోషించారు. పై హాలంతా ఖాళీ చేయించి, ఫ్రేములు కట్టించి, ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టించారు. ఇంకా తొమ్మిది రోజులుందనగా శాఖ నుంచి సర్క్యులర్ వచ్చింది.

"ప్రభుత్వ ప్రదర్శనశాలల యందు ఉంచబడు ఏ ఛాయాచిత్రమందైనను గుర్తింపదగిన మానవ ముఖము ఉన్నచో, సదరు ముఖము గల వ్యక్తి యొక్క లిఖితపూర్వక సమ్మతి పొందవలెను. సమ్మతి లేని ముఖమును తగు రీతిని కప్పవలెను."

ఎక్కడో ఏదో ప్రదర్శనశాలవాళ్ళు సందర్శకుల ఫొటోలు అడక్కుండా గోడకు పెట్టారట, ఆ గొడవ మీద పుట్టిన కాగితమిది. నేను డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, మనవి పాత బొమ్మలు. ఇందులో వాళ్ళెవరూ ఇప్పుడు లేరు."

"లేరని మనకెలా తెలుసు?"

"కొన్ని నూట పదేళ్ళ కిందటివి సార్."

"అది మీ ఊహ. ఊహల మీద ఆఫీసు నడవదు. వాళ్ళ మరణ ధ్రువీకరణ పత్రాలు మన ఫైల్లో ఉన్నాయా?"

"లేవు సార్."

"అయితే ఉన్నారు" అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

భూతద్దం పట్టుకుని నేనూ, ఇద్దరు అటెండర్లూ మూడు రోజులు ముఖాలు లెక్కపెట్టాం. పదకొండువందల నలభై ఆరు తేలాయి. సందేహాలు కూడా తేలాయి. ఊరేగింపులో ఏనుగు ముఖం అందరికన్నా స్పష్టంగా ఉంది. సర్క్యులర్లో "మానవ" అని ఉంది కాబట్టి దాన్ని వదిలేశాం. పార్కులో దొరగారి రాతి విగ్రహం మాట ఏమిటని డైరెక్టరు గారిని అడిగితే, రాయే అయినా ముఖం మానవుడిదే కదా, శాఖ నుంచి వివరణ వచ్చేవరకు కప్పి ఉంచమన్నారు. మంగలి బొమ్మలో గడ్డం గీయించుకుంటున్న ఆయన అద్దంలో కూడా కనిపిస్తున్నాడు. ఆయన నుంచి రెండు సమ్మతి పత్రాలు తీసుకోవాలని తేల్చారు. కెమెరాకు వీపు పెట్టి నిలబడ్డవాళ్ళ గురించి డైరెక్టరు గారు చాలా మెచ్చుకోలుగా మాట్లాడారు. వాళ్ళు ముందుచూపున్న పౌరులన్నారు.

తరవాత పేపర్లో ప్రకటన ఇచ్చాం. పందొమ్మిదివందల ఎనిమిది మొదలు నలభై ఆరు వరకు రేవుపట్నం వీధుల్లో ఫొటో తీయబడినవారందరూ గుర్తింపు కార్డుతో ఆఫీసు వేళల్లో స్వయంగా హాజరు కావలెనని. ఎవరూ రాలేదు. చిరునామా దొరికినంతలో రిజిస్టరు ఉత్తరాలు కూడా పంపాం. "తలపాగా గల వ్యక్తి, గడియారస్తంభము నీడలో, రేవుపట్నం" అని రాసిన కవరు మూడో రోజున తిరిగి వచ్చింది. దాని మీద పోస్టుమాన్ ఎర్ర సిరాతో, "వెళ్ళి చూడగా నీడ ఉన్నది, వ్యక్తి లేరు" అని రాశాడు. ఆ కవరును ఫైల్లో ఆధారంగా చేర్చాం.

ప్రారంభోత్సవానికి ముందురోజు రూపాయి బిళ్ళంత తెల్ల కాగితం బిళ్ళలు వచ్చాయి, వెనక జిగురుతో. ఫ్రేము గాజు మీద అంటిస్తే సరిపోతుంది కదా అన్నాను. గాజు తీస్తే ముఖం బయటపడుతుంది, అది లొసుగవుతుందన్నారు డైరెక్టరు గారు. కనుక బొమ్మల మీదే అంటించాం. చాలావరకు నేనే అంటించాను. నా చెయ్యి నిలకడగా ఉంటుందని పేరు.

మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. గోడల నిండా మా ఊరు. దీపస్తంభం కింద తెల్ల బిళ్ళలు, జట్కాల మీద తెల్ల బిళ్ళలు, వల లాగుతూ వరసగా వంగిన తెల్ల బిళ్ళలు, మధ్యలో ఏనుగు. "పాటింపు నూటికి నూరు శాతం" అని డైరెక్టరు గారు వివరిస్తుంటే మంత్రిగారు తల ఊపుతూ హాలంతా తిరిగారు.

భావనారాయణ గారు మర్నాటి నుంచి రోజూ వచ్చి హాల్లో స్టూలు మీద కూర్చునేవారు. మూడో రోజు నేను టీ ఇప్పిస్తే తాగి, "మా తాత కట్టడాల కోసం తిరగలేదండీ. కట్టడాలు ఎక్కడికీ పోవు, రేపైనా తీయొచ్చనేవాడట. మనుషుల కోసమే తిరిగాడు" అన్నారు. నేను కప్పులు తీసుకుని కిందికి వెళ్ళిపోయాను.

దానమ్మ వచ్చింది ఆ తరవాతి వారంలో. గరికిన దానమ్మ, జాలరిపేట. ఎనభై నాలుగేళ్ళు. చెప్పులు లేవు. కూడా మనవరాలు రత్నం ఉంది. ఆ అమ్మాయికి ఇరవై ఆరు ఉంటాయి, పెద్దాసుపత్రిలో నర్సు.

"బాబూ, ఇక్కడ మాయమ్మ బొమ్మ ఉందంట. ఓపాలి సూసి ఎలిపోతాను" అంది దానమ్మ.

"ఎవరు చెప్పారమ్మా?"

"మా పిన్ని సెప్పింది, పోయేముందు. సేపల బజార్ల ఆడోల్లందర్నీ వరసన నిలబెట్టి స్టూడియో ఆయన బొమ్మ తీసినాడంట. సివరాకర్న మాయమ్మ. నన్ను సంకనెట్టుకుని ఉందంట. మొన్న పేపర్ల మీ సంగతి పడితే మనవరాలు సదివింది."

చేపల బజారు బొమ్మ పదిహేడో నంబరు. పందొమ్మిదివందల నలభై ఒకటి. ముందు గంపలు, వెనక ఐసు గిడ్డంగి గోడ, మధ్యన పదకొండు మంది ఆడవాళ్ళు. చివరావిడ చంకలో బిడ్డ. మొత్తం పన్నెండు బిళ్ళలు. దానమ్మ దగ్గరికి వెళ్ళి, ఇంకా దగ్గరికి వెళ్ళి, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా నిలబడింది.

"మొకాలేవి బాబూ?"

"సమ్మతి లేదమ్మా."

"ఎవలి సమ్మతి?"

"వాళ్ళదే."

ఆవిడ నా ముఖం చూసింది. వెక్కిరిస్తున్నానేమోనని చూసినట్టుంది. తరవాత నెమ్మదిగా అంది: "మాయమ్మ మొకం నాకు తెల్దు బాబూ. నాకు నాలుగేల్లప్పుడు పోనాది. గేపకం సేసుకుందారంటే ఏటీ రాదు. ఇప్పుడు నా కల్లకి మసక కమ్మేత్తంది. ఏడాది దాటితే సూపుండదన్నాడు డాట్రు."

స్టూలు మీంచి భావనారాయణ గారు లేచి వచ్చారు. "అమ్మా, ఆ చివరావిడ నాకు గుర్తే. మిగతావాళ్ళంతా బిగుసుకుపోయి నిలబడ్డారు. ఆవిడొక్కతే నవ్వుతుంది" అన్నారు.

"నవ్వుద్దా?" అంది దానమ్మ.

నేను నిబంధనల ప్రకారం ఆలోచించాను. బొమ్మలో బిడ్డ దానమ్మే అయితే పదకొండువందల నలభై ఆరు ముఖాల్లో మాకు ప్రాణంతో దొరికిన మొదటి ముఖం ఆవిడ. ఈ సంగతి చెప్పగానే డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. గుర్తింపు కమిటీ ఒకటి వేశారు. అందులో ఒక డాక్టరు, ఒక తహసీల్దారు, వేలిముద్రల విభాగంలో రిటైరైన ఒక పోలీసాయన. ఆధార్ కార్డు మీద ఎనభై నాలుగేళ్ళ ముఖాన్నీ, బిళ్ళ కింద ఏడాది బిడ్డ ముఖాన్నీ పోల్చాలి. బిళ్ళ తీస్తే గానీ పోల్చలేరు, పోల్చితే గానీ బిళ్ళ తీయకూడదు. కమిటీ రెండుసార్లు సమావేశమై టీ తాగి లేచిపోయింది.

"నా కాలు సూడండి" అంది దానమ్మ మూడో సమావేశంలో. ఆవిడ ఎడమ పాదానికి ఆరు వేళ్ళు. బొమ్మలో చంక కిందికి వేలాడుతున్న చిన్న పాదానికి బిళ్ళ లేదు. డాక్టరు భూతద్దంలోంచి లెక్కపెట్టాడు. తహసీల్దారు లెక్కపెట్టాడు. పోలీసాయన రెండుసార్లు లెక్కపెట్టి, "ఆరు" అని సంతకం చేశాడు.

"మరి బిడ్డ నేనైతే, ఎత్తుకున్నది మాయమ్మే గదా" అంది దానమ్మ.

తహసీల్దారు గొంతు సవరించుకున్నాడు. "ఎత్తుకున్నంత మాత్రాన తల్లి అని నిర్ధారించుటకు వీలు లేదు. పిన్ని కావచ్చు, పొరుగింటావిడ కావచ్చు. ఫొటో కోసం తాత్కాలికంగా తీసుకుని ఉండవచ్చు."

సమ్మతి పత్రం మీద దానమ్మ వేలిముద్ర వేసింది. విలేకరుల ముందు డైరెక్టరు గారు స్వయంగా బిడ్డ ముఖం మీది బిళ్ళ పీకారు. దాంతోపాటు చెవి తమ్మె కొంత లేచిపోయింది. అయినా ముఖం దక్కింది. గుండ్రటి బిడ్డ, నోట్లో వేలు పెట్టుకుని. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉందమ్మా?" అని అడిగాడు ఒక విలేకరి.

"నన్ను నేను రోజూ సూసుకుంటన్నాను బాబూ. మాయమ్మని సూపించండి" అంది దానమ్మ.

అది పేపర్లో రాలేదు. "నగర ప్రదర్శనశాలకు తొలి సమ్మతి" అని మాత్రం వచ్చింది. అది చూసి ఇప్పటి చేపల బజారు ఆడవాళ్ళు రోజూ గుంపులుగా వచ్చి, పదిహేడో నంబరు ముందు నిలబడి బిళ్ళలు చూసి వెళ్ళేవారు.

తల్లి ముత్యాలమ్మ విషయంలో డైరెక్టరు గారు అన్యాయంగా మాట్లాడలేదు. చనిపోయినట్టు పత్రం తెస్తే వారసత్వం కింద దానమ్మ సమ్మతిని పరిశీలిస్తామన్నారు. మునిసిపాలిటీలో వెతికితే ఆ సంవత్సరం విషజ్వరాలు వచ్చి పేటలో చాలామంది పోయారనీ, ఎవరి పేర్లూ రాసుకోలేదనీ తెలిసింది.

"పత్రం లేనందున ఆవిడ జీవించి ఉన్నట్టే పరిగణించాలి" అన్నారు డైరెక్టరు గారు. "వయసు?"

"ఉంటే నూట రెండు సార్."

ఆయన ముఖం మెత్తబడింది. "అంత పెద్దావిణ్ణి ఆఫీసుకు రమ్మనడం అమానుషం. వయోవృద్ధులకు ఇంటి వద్దకే సేవ కింద మీరే వెళ్ళి సమ్మతి తీసుకోండి. మూడు పర్యాయాలు వెళ్ళాలి. ఇంక్ ప్యాడు మరచిపోకండి."

నేనూ ఒక అటెండరూ ఇంక్ ప్యాడు, ఫారాలు పట్టుకుని జాలరిపేట వెళ్ళాం. దానమ్మ ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. నేను ఫారాలు వెతుకుతూ ఉండిపోయాను. సంగతి అటెండరే చెప్పాడు.

"మాయమ్మ కాడికా?" అంది దానమ్మ. చేతులు కడుక్కుని లేచింది. "రండి."

పేట దాటి, ఇసకలో చాలా దూరం నడిపించింది. ఒకప్పుడు వాళ్ళ శ్మశానం ఉన్నచోట ఇప్పుడు రేవువాళ్ళ ఇనప పెట్టెల గొడౌను ఉంది, చుట్టూ ఎత్తయిన గోడ. ఆ గోడ దగ్గర ఆగి చెయ్యి ఆనించింది.

"ఇక్కడికి పది బారలు లోపలుంటాది. అడగండి."

నేను ఫారంలో "చిరునామాదారు అందుబాటులో లేరు" అని రాశాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఆవిడ కనకాంబరాలు తెచ్చి గోడ కింద పెట్టింది. మూడోసారి గోడ చివరి వరకు తడుముకుంటూ నడిచింది. ఎత్తుపల్లాలు చూసుకోవడం ఆవిడకు కష్టమైపోయిందని నాకు అప్పుడే తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు చెయ్యి పట్టుకున్నాను.

ఆ మర్నాడు ఆఫీసుకు ఒక గంట ముందే వెళ్ళి, సర్క్యులర్‌ను మొదటి నుంచి చివరి వరకు చదివాను. ఒప్పుకోవాలి, అంతకుముందు నేను మొదటి పేజీ మాత్రమే చదివాను. డైరెక్టరు గారు కూడా అంతే అయి ఉంటారు. పదకొండో పేజీలో ఇలా ఉంది: "సమ్మతి ఇచ్చిన వ్యక్తి ఎప్పుడైనను తన సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చును. అట్టి పక్షమున సదరు ఛాయాచిత్రమును ప్రదర్శన నుండి తొలగించి, నలభై ఎనిమిది గంటలలోగా సదరు వ్యక్తికి స్వాధీనపరచవలెను."

రెండుసార్లు చదివి, ఒక ఫారం నింపి, మధ్యాహ్నం భోజనం మానేసి జాలరిపేట వెళ్ళాను.

"ఇదేటి బాబూ, మల్లీ ఏలుముద్రా?"

"ఆ బొమ్మలో మీరుండటం మీకు ఇష్టం లేదని రాశానమ్మా."

"నాకెందుకిట్టం నేదు?"

"ఇష్టం లేదంటే బొమ్మ మీ ఇంటికొస్తుంది."

ఆవిడ బొటనవేలు ముందుకు చాపింది.

డైరెక్టరు గారు కాగితం చూసి కదిలిపోయారు. "మన ఏకైక సమ్మతి ఇది. ఎందుకు ఉపసంహరించుకుంటోంది?"

"కారణం గడి నింపాను సార్."

ఆయన గడి దాకా వెళ్ళలేదు. లెక్క వేసుకుంటున్నారు. "ఈ బొమ్మ పోతే మనకు మిగిలే ముఖాల్లో కప్పనిది ఒక్కటి కూడా ఉండదు కదా?"

"ఒక్కటీ ఉండదు సార్."

"అయితే పాటింపు మళ్ళీ నూటికి నూరు" అని సంతకం పెట్టారు. దాత అభిప్రాయం కూడా రాయాలి కాబట్టి పై హాల్లోకి వెళ్ళి భావనారాయణ గారిని అడిగాను. ఆయన నా చేతిలోంచి పెన్ను లాక్కుని, "ఇవ్వండి" అని రాసి, కింద గీత గీశారు.

పదిహేడో నంబరు బొమ్మను గుడ్డలో చుట్టి ఆటోలో నేనే తీసుకువెళ్ళాను. అందినట్టు రసీదు తీసుకోవాలి, అది నా పని. రత్నం అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. బొమ్మను ఫ్రేములోంచి తీసి చాప మీద పరిచి, గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, బిళ్ళ అంచుల వెంట అద్దడం మొదలుపెట్టింది. పుళ్ళకు కట్లు విప్పే చెయ్యి అది. బిడ్డ చెవి ఎలా పోయిందో నాకు తెలుసు. ఈ బిళ్ళ ఎంత గట్టిగా ఒత్తి అంటించానో కూడా నాకే తెలుసు. సగం లేచాక రత్నం ఆగింది. గడ్డం కనిపిస్తోంది, పెదవుల మీద ఇంకా జిగురుంది. మళ్ళీ తడిపి కాసేపు ఊరుకుంది. దానమ్మ పక్కన గోడకు చేరబడి కూర్చుంది గానీ బొమ్మ వైపు చూడటం లేదు. వీధిలోకి చూస్తోంది.

బిళ్ళ మొత్తంగా లేచి వచ్చింది.

"మామ్మా" అని పిలిచింది రత్నం.

దానమ్మ బొమ్మను రెండు చేతులా పట్టుకుని వాకిట్లో వెలుగులోకి తీసుకెళ్ళింది. ఇరవై దాటని పిల్ల. ఎండకు కళ్ళు చికిలించి, కెమెరాను కాక ఎవరినో పక్కవాళ్ళను చూసి నవ్వుతోంది. ముందు పళ్ళ మధ్య చిన్న సందు.

"ఇదేటే, ఇంత సిన్నపిల్లేటే మాయమ్మ" అంది దానమ్మ. తరవాత రత్నం గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నీకంటే సిన్నదే ఇది. పాపం, నన్ను మొయ్యలేక ఓ పక్కకి ఒరిగిపోయి నిలబడింది సూడు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో ఆ ముఖం మీద మిగిలిన తడి అద్దింది, చిన్నపిల్లకు మూతి తుడిచినట్టు.

రసీదు మీద వేలిముద్ర వేయించుకుంటుంటే ఆవిడ అడిగింది: "నాకిట్టం నేదని రాసినావు గదా, ఎందుకిట్టం నేదని రాసినావు బాబూ?"

నేను ఫారం తీసి చదివాను. ఉపసంహరణకు కారణము: "ఛాయాచిత్రమును చూచుటకు."

ఆ సంవత్సరం ముఖగోప్యతా పరిరక్షణలో రాష్ట్రంలో ప్రథమ స్థానం మా ప్రదర్శనశాలకే వచ్చింది. డైరెక్టరు గారు రాజధానికి వెళ్ళి జ్ఞాపిక అందుకున్నారు. తిరిగి వచ్చాక సందర్శకుల పట్టిక చూసి, చేపల బజారు ఆడవాళ్ళు మొదట్లో అంతమంది వచ్చేవారు, ఇప్పుడు ఒక్కరూ రావడం లేదేమిటో విచారించి రమ్మన్నారు.

ఆదివారం జాలరిపేట వెళ్ళాను. దానమ్మ వసారాలో జనం. బొమ్మ గోడకు వేలాడుతోంది. పదకొండు మందిలో తొమ్మిది మంది ముఖాలు తేలి ఉన్నాయి. ఎవరో ఒకామె తన నాయనమ్మను ముక్కుపుడకను బట్టి పోల్చుకుందట. ఇంకొకామె నిలబడ్డ తీరును బట్టి. పోల్చుకున్నవాళ్ళ ఎదుట రత్నం బిళ్ళ తీస్తోంది. ఇద్దరి కోసం ఇంకా ఎవరూ రాలేదు. భావనారాయణ గారు ముందు వరసలో పీట మీద కూర్చుని, ఆ రోజు తన తాత ఎక్కడ నిలబడి ఈ బొమ్మ తీసి ఉంటాడో నేల మీద గీసి చూపిస్తున్నారు.

నేను చెప్పులు విప్పి వెనక నిలబడ్డాను. దానమ్మకు మసకలో నేను ఎవరో తెలిసినట్టు లేదు. దగ్గరికి వెళ్ళి పేరు చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని జనాన్ని తప్పించుకుంటూ గోడ దాకా తీసుకెళ్ళి, వేలుతో తడుముకుని, సరిగ్గా ఆ చివరి ముఖం దగ్గర ఆపింది.

"ఈవిడే బాబూ, మాయమ్మ" అంది.

నేను నమస్కారం పెట్టాను.